ఈస్ట్ మీద ఆల్డిహైడ్ టెస్టు: ప్లేటు మీద చుక్కలా, ద్రవంలో గ్రోత్ కర్వా?

ఆల్డిహైడ్లు అనే విష రసాయనాలను ఈస్ట్ ఎంత తట్టుకుంటుందో చూడాలంటే, వాటిని కలిపిన అగర్ (గడ్డకట్టిన ఆహారం) ప్లేటు మీద కణాలను చుక్కలుగా పెట్టాలా, ద్రవంలో పెంచుతూ ఎదుగుదల గీత (గ్రోత్ కర్వ్) గీయాలా? ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. నా ఓటు గ్రోత్ కర్వ్‌కే. కారణం ఒక్కటే, లాగ్ ఫేజ్, అంటే పెరగడం మొదలయ్యే ముందు కణాలు ఆగే సమయం.

ఫర్‌ఫ్యురల్ అనే ఆల్డిహైడ్‌నే తీసుకోండి. మోతాదు మరీ మించకపోతే అది ఈస్ట్‌ను చంపదు, నిలబెట్టేస్తుంది. కణాలు ఎన్‌ఏడీహెచ్, ఎన్‌ఏడీపీహెచ్ అనే సహాయక అణువులను ఖర్చుపెట్టి దాన్ని ఫర్‌ఫ్యురిల్ ఆల్కహాల్‌గా మార్చుకుంటాయి. ఏడీహెచ్6 లాంటి ఎంజైములు చేసేది ఈ పనే. అది ముగిసేదాకా ఓడీ (ద్రవం ఎంత మసకబారిందో, అంటే కణాలు ఎంత పెరిగాయో చెప్పే కొలత) గీత అడుగునే పాకుతుంది, ఆ తర్వాత చకచకా లేస్తుంది. ఒక స్ట్రెయిన్ (ఈస్ట్ రకం) ముందే తేరుకుని, ఇంకోటి గంటల తరబడి ఆలస్యమైనా, మూడో రోజు ప్లేటు మీద రెండు చుక్కలూ ఒకేలా కనిపించొచ్చు. మనం వెతుకుతున్న తేడా కాస్తా అక్కడే మాయమైపోతుంది.

అయితే ఒక మెలిక ఉంది. మొదట్లో కణాలు ఎక్కువ వేస్తే విషం త్వరగా ఖాళీ అవుతుంది, లాగ్ తగ్గుతుంది. అందుకే అన్ని ట్యూబుల్లో మొదటి ఓడీ ఒకటే ఉండాలి. అది తప్పితే కర్వ్ ఎంత అందంగా వచ్చినా పనికిరాదు.

ప్లేటును తీసిపారేయలేం. పదేసి రెట్లు పలచన చేసి చుక్కలు పెడితే బోలెడు మ్యూటెంట్లను (జీన్ మార్పున్న స్ట్రెయిన్లను) పక్కపక్కనే చూడొచ్చు. ఫార్మాల్డిహైడ్ మీద, దాన్ని వదిలించే ఎస్‌ఎఫ్‌ఏ1 జీన్ లేని స్ట్రెయిన్ పడే అవస్థ చూడ్డానికి కర్వ్ దాకా వెళ్లక్కర్లేదు. (ఫార్మాల్డిహైడ్ నీటి ద్రావణమైన ఫార్మలిన్ వాడితే మాత్రం అందులో మిథనాల్ కూడా ఉంటుంది, దానికి వేరే కంట్రోల్, అంటే మిథనాల్ ఒక్కటే వేసిన పోలిక, పెట్టండి.)

అసిటాల్డిహైడ్ దగ్గర రెండూ ఇబ్బందే. అది దాదాపు 20 డిగ్రీలకే మరుగుతుంది, మన ఇంక్యుబేటర్ ఏమో 30లో ఉంటుంది. వేడి అగర్‌లో కలిపితే ఎంత మిగిలిందో దేవుడికే తెలియాలి. 96 గుంటల ప్లేటులోనైతే ఆవిరి పక్క గుంటలోని కంట్రోల్‌కీ పాకుతుంది. దీనికి గట్టిగా బిగించిన ట్యూబులే దిక్కు. ఓడీ చేత్తో తీసుకోవాలి, విసుగే మరి.

ఈస్ట్ పరిచిన ప్లేటు మీద ఆల్డిహైడ్‌లో తడిపిన ఫిల్టర్ పేపర్ బిళ్ల పెట్టి, చుట్టూ ఈస్ట్ పెరగని ఖాళీ వలయం కొలిచే పద్ధతీ ఉంది, ఉజ్జాయింపుకు సరిపోతుంది.

టైమ్ లేక ప్లేటే వాడాల్సి వస్తే, మూడో రోజు దాకా ఆగకుండా 24 గంటలకే మొదటి ఫోటో తీయండి.