భేజా, బోటీ, నెత్తళ్ళు, సొర పిట్టు: మొదట ఏది?

మా తోడల్లుడు పెళ్ళయిన పదేళ్ళలో మా ఇంట కోడికూర తప్ప మరొకటి ముట్టలేదు. అదీ ఎముక లేని ముక్కలే ఏరుకునేవాడు. పోయిన సంక్రాంతికి అతనికి ఉన్నట్టుండి ధైర్యం వచ్చింది. "అన్నయ్యా, సగం మంది లొట్టలేసేవి, మిగతా సగం ముక్కు మూసుకునేవి ఒక్కసారైనా తిని చూడాలి. దేనితో మొదలుపెట్టమంటారు?" అన్నాడు. నాది కాకినాడ, మా ఆవిడది కరీంనగర్. కాబట్టి అటు సముద్రపు సరుకు, ఇటు మేక కడుపులోని సరుకు రెండూ మా వంటింట్లో నడుస్తాయి. నాలుగు ఆదివారాలు నాలుగు కూరలు అనుకున్నాం: భేజా అంటే మెదడు, సొరచేపతో చేసే పిట్టు, నెత్తళ్ళు అనే చిన్న ఎండు చేపలు, బోటీ అంటే మేక కడుపు, పేగులు.

పులసను ముందే పక్కన పెట్టేశాను. పుస్తెలు అమ్మి అయినా తినాలన్న చేప గురించి జనం వాదించుకునేది ధర మీద, ముళ్ళ మీద. రుచి మీద కాదు. పైగా గోదావరికి వరద నీరు రానిదే పులస రాదు, సంక్రాంతికి అడిగితే దొరికేది దాని పేరుతో అమ్మే వేరే చేప.

ముందుగా అతన్ని ఒకటే అడిగాను. నీకు అడ్డొచ్చేది వాసనా, నోట్లో మెత్తగా జారడమా, లేక అది ఫలానా అవయవం అన్న తలపా? మూడూ అన్నాడు. అంత నిజాయితీపరుడికి నచ్చజెప్పడం కష్టం.

భేజాతో మొదలుపెట్టాం, ఎందుకంటే వండటం చాలా తేలిక. గోరువెచ్చని నీళ్ళలో కాసేపు ఉంచితే పైనున్న సన్నని పొర, ఎర్రటి నరాలు ఊడివస్తాయి. పసుపు, ఉప్పు వేసి అయిదు నిమిషాలు ఉడికిస్తే ముక్క గట్టిపడుతుంది. తరువాత ఉల్లిపాయ, అల్లం వెల్లుల్లి, మిరియాల పొడి. వాసన దాదాపు ఉండదు. కళ్ళు మూసుకుని తింటే కాస్త గట్టిగా వచ్చిన గుడ్డు పొరటు అనుకుంటారు. గొడవంతా ఆ వెన్నలాంటి మెత్తదనంతోనే. పంటికి ఏమీ తగలకపోతే అసలు తిన్నట్టే ఉండదు కొందరికి, నేనూ ఆ జాతివాణ్ణే. ఇంకో సంగతి కొలెస్టరాల్. గొర్రె మెదడు 100 గ్రాముల్లో 1,300 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది, అంటే ఆరేడు గుడ్లంత. ఏడాదికి రెండుసార్లు తినేవాడికి దీనితో పెద్ద పేచీ లేదు. హైదరాబాదులో వారం వారం రుమాలీ రొట్టెతో లాగించేవాళ్ళు మాత్రం ఆలోచించుకోవాలి.

మా తోడల్లుడు రెండు ముద్దలు తిని, బాగానే ఉందన్నాడు. బాగానే ఉంది అంటే మళ్ళీ వద్దని అర్థం.

రెండో వారం సొర పిట్టు. నిజానికి కొత్తవాళ్ళకు ఇంతకంటే అనువైన కూర లేదు. ఉడికించి, చర్మం ఒలిచి, చేత్తో చిదిపి, నీళ్ళు గట్టిగా పిండేసి, ఉల్లిపాయలు, పచ్చిమిరప, దండిగా వెల్లుల్లి వేసి పొడిపొడిగా వేయిస్తారు. సొరకు ఉండేది మృదులాస్థి, కాబట్టి ముల్లు గుచ్చుకుంటుందన్న భయం లేదు. చూస్తే చేప అని కూడా తెలియదు. ఆ పిండటంలోనే కిటుకంతా ఉంది. ఉప్పునీరు తన ఒంట్లోని నీటిని లాగేయకుండా సొర రక్తంలో, కండలో యూరియాను నిలవ ఉంచుకుంటుంది. అది చచ్చాక సూక్ష్మజీవులు ఆ యూరియాను అమ్మోనియాగా మారుస్తాయి. పాత సొర తెస్తే వంటిల్లు మూత్రశాల వాసన కొట్టేది అందుకే. తాజాది తెచ్చి, ఉడికిన నీళ్ళు పారబోసి పిండితే ఆ కంపు ఉండదు.

మరి అంత అనువైనదాన్ని నేనెందుకు మొదటి స్థానంలో పెట్టను? ఒకటి పాదరసం. సముద్రంలో వేటాడి బతికే పెద్ద చేపల ఒంట్లో అది పేరుకుంటుంది. మా అమ్మమ్మల కాలం నుంచి బాలింతలకు పాలు పడతాయని పెట్టేది ఈ సొరనే. పాల సొర అన్న పేరు కూడా ఆ నమ్మకం నుంచి వచ్చిందే. ఇప్పటి వైద్యుల సలహా సరిగ్గా దానికి తలకిందులు: గర్భిణులు, పాలిచ్చే తల్లులు సొరచేప మానేయాలి. మా ఇంట్లో దీని మీద ఒక పూట పెద్ద యుద్ధమే జరిగింది, ఇక్కడ వద్దు. రెండోది, తిమింగల సొరను 2001 నుంచి, దానితోపాటు మరికొన్ని సొరలను మన వన్యప్రాణి చట్టం కాపాడుతోంది. ముక్కలు కోసి బుట్టలో పెట్టాక అది ఏ సొరో నాకు తెలియదు, మీకూ తెలియదు. కాబట్టి ఎప్పుడో ఒకసారి, తెలిసిన చేపలామె దగ్గర చిన్న సొర ముక్కలు కోయకుండా మొత్తంగా కనబడితేనే.

ఎండు నెత్తళ్ళ దగ్గర మాత్రం మధ్యేమార్గం లేదు. నాకు ఆ వాసన ముక్కుకు తగిలితే నోట్లో నీళ్ళూరతాయి, పై అంతస్తు వాళ్ళు కిటికీలు మూసుకుంటారు. తల గిల్లి, నూనె లేకుండా మూకుట్లో వేయించి, వేడినీళ్ళలో రెండుమూడు సార్లు కడిగితే ఇసుక దిగుతుంది. వంకాయతో వేస్తే ఒక రుచి, పచ్చి మామిడికాయతో వేస్తే మరో రుచి. చింతపండో మామిడికాయో పడితే వాసన తగ్గుతుందని మన ఆడవాళ్ళకు ఎప్పుడో తెలుసు. చేపకు ఆ కంపు తెచ్చే పదార్థం పులుపులో అణగిపోతుంది. ధర తక్కువ, నెలల తరబడి నిలవ ఉంటుంది, ముల్లుతో సహా నమిలేస్తాం కాబట్టి సున్నం దండిగా అందుతుంది. యూరిక్ యాసిడ్ ఎక్కువున్నవాళ్ళకు మాత్రం మంచిది కాదు. అమెరికాలో మా మేనకోడలు ఫిలిప్పీన్స్ వాళ్ళ దుకాణంలో కొనుక్కుంటుంది. వండేది మాత్రం ఇంటి వెనక పెరట్లో, విడి పొయ్యి మీద.

ఇక బోటీ. మిగతా మూడింట్లో వాసనో మెత్తదనమో ఏదో ఒకటే గొడవ. ఇందులో వాసన, సాగుడు, పేగు అన్న తలపు మూడూ ఉన్నాయి. అయినా నా ఓటు దీనికే. నములుతుంటే సాగుతూ సాగుతూ మసాలాను ముక్కలోంచి కొంచెం కొంచెంగా వదిలే ఆ గుణం మేక తొడ మాంసంలో కూడా లేదు. కడుపు ముక్క టర్కీ తువ్వాలులా నూగు నూగుగా ఉంటుంది, పులుసు అందులో ఇంకుతుంది. మా అత్తగారు శనగపప్పు వేసి, చింతచిగురు దొరికే రోజుల్లో చింతచిగురుతో వండుతారు. జొన్నరొట్టెతో తినాలి. అన్నంతో కలిపితే సగం రుచి పోతుంది.

అయితే ఇది పూర్తిగా కడిగినవాళ్ళ చేతిలో ఉన్న కూర. వేడినీళ్ళు పోసి లోపలి పొర గీకాలి, పేగును తిరగేసి కడగాలి, ఉప్పు, పసుపు, నిమ్మరసం పట్టించి మళ్ళీ కడగాలి. నీళ్ళు తేటగా వచ్చేదాకా ఇదే పని, గంట పడుతుంది. ఒకసారి దారిలో ఒక భోజనశాలలో తిన్నాను, మొదటి ముద్దకే ఎవరో తొందరపడ్డారని తెలిసిపోయింది. ఆ రోజు నుంచి బయట బోటీ తినను. జీవితంలో మొదటిసారి బోటీని బయట తిన్నవాడు రెండోసారి ఎక్కడా తినడు. కూర మీద అపవాదు సగం అక్కడ పుట్టిందే. కుక్కరులో ఎనిమిది కూతలు రానివ్వాలి, నాలుగుకే దింపితే రబ్బరు.

కాబట్టి నోట్లో మెత్తగా జారినా పరవాలేదు, వాసనే పడదు అనేవాళ్ళు భేజా. ముళ్ళంటే భయపడేవాళ్ళు సొర పిట్టు, ఇంట్లో బాలింత లేకపోతే. డబ్బు చూసుకునేవాళ్ళు, పక్కింటివాళ్ళతో ఇప్పటికే మాటలు లేనివాళ్ళు నెత్తళ్ళు. కడిగే ఓపిక ఉన్న మనిషి ఇంట్లో ఉంటే, లేదా ఆ ఓపిక మీకే ఉంటే, బోటీ.

మా తోడల్లుడు నాలుగో ఆదివారం రెండు రొట్టెలకు సరిపడా బోటీ తిని, మూడో రొట్టె అడిగాడు. వచ్చే వారం తనే కడుగుతానన్నాడు. మా ఆవిడ తలుపు పక్కనున్న ప్లాస్టిక్ టబ్బు చూపించి, వారం దాకా ఎందుకు, పొద్దున మటన్ కొట్టు ఆరింటికి తెరుస్తారు అంది.