ఖాళీ గదికి అంత రేటా? ర్యోకాన్ బస లెక్కలు

మనకు దర్జా అంటే నిండుగా కనిపించాలి. హైదరాబాద్ ఫలక్‌నుమా ప్యాలెస్‌నే తీసుకోండి: గేటు దగ్గర్నుంచి గుర్రపు బగ్గీ, 101 మంది కూర్చునే భోజనాల బల్ల, తలెత్తితే షాండ్లియర్లు. డబ్బు ఎటు పోయిందో ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆ అంచనాతో జపాన్ సంప్రదాయ విడిది అయిన ర్యోకాన్ గదిలోకి అడుగుపెడితే మోసపోయామనే అనిపిస్తుంది. గడ్డితో నేసిన తతామి చాపలు, ఒక పొట్టి బల్ల, గోడగూట్లో వేలాడే ఒక పటం, దాని కింద పూరెమ్మ. మంచం ఉండదు. మంచి ర్యోకాన్‌లో తలకు 30,000 యెన్లు దాటడం మామూలే. అంత పోసి నేల మీద పడకేమిటని ఇంట్లో పెద్దవాళ్లు అడక్క మానరు.

రేటు గదికి కాదు, మనిషికి. అందులో రాత్రి భోజనం, పొద్దుటి టిఫిన్ కలిసే ఉంటాయి కాబట్టి మామూలు హోటల్ గది అద్దెతో పోల్చకూడదు. అసలు ఖర్చంతా ఆ రాత్రి కైసెకి భోజనంలో ఉంటుంది. చిన్న చిన్న గిన్నెల్లో ఒకదాని తర్వాత ఒకటి, ఆ రుతువులో దొరికేవాటితోనే వండి తెస్తారు. మీరు తింటుండగానో స్నానానికి వెళ్లినప్పుడో ఎవరో వచ్చి పరుపులు పరిచి వెళ్తారు. టిప్పు అడగరు, ఎదురుచూడరు. కానీ రాత్రి పదింటికి ఫోన్ చేసి కాఫీ తెమ్మంటే కుదరదు. ఏం తినాలో, ఎన్నింటికి తినాలో చాలావరకు వాళ్లే నిర్ణయిస్తారు. అడిగిందల్లా తెచ్చివ్వడమే మర్యాద అనుకునే మనకు ఇది మింగుడుపడదు. వాళ్ల లెక్కలో అతిథికి అడిగే పని పెట్టకపోవడమే మర్యాద.

సాయంత్రం ఆరులోపు చేరిపోవాలి. ఆలస్యమైతే భోజనం పోవచ్చు, డబ్బు వెనక్కి రాదు.

శాకాహారులకు పెద్ద చిక్కు దాషి. ఎండుచేపతో కాచిన ఆ రసం మిసో సూప్‌లోనే కాదు, ఉడికించిన కూరల్లోనూ ఉంటుంది. "మాంసం వద్దు" అంటే సరిపోదు. చేప రసం కూడా వద్దని బుకింగ్‌లోనే రాయాలి. అయినా కొన్ని చోట్ల కుదరదంటారు. అప్పుడు శాకాహారులకు కోయాసాన్ కొండ మీది బౌద్ధ గుడి బసలే మేలు. అక్కడి షోజిన్ అనే సన్యాసుల శాకాహార వంట సముద్రపు నాచు, ఎండు పుట్టగొడుగుల రసంతో చేస్తారు. ఉల్లి, వెల్లుల్లి కూడా పడవు, అచ్చం మన కార్తీకమాసపు వంటలాగే. కానీ అక్కడ చాలా గదులకు సొంత స్నానాలగది ఉండదు. చలికాలం గట్టిగానే వణికిస్తుంది.

ర్యోకాన్‌లో వేడినీటి బుగ్గ ఉంటే, దాని ఉమ్మడి తొట్టిలో బట్టలతో దిగనివ్వరు. ముందు పీట మీద కూర్చుని ఒళ్లు రుద్దుకుని సబ్బు పూర్తిగా కడిగేసుకోవాలి, తువ్వాలు నీళ్లలో ముంచకూడదు. నీళ్లు 40-42 డిగ్రీలుంటాయి, మొదటిసారి పది నిమిషాలు చాలు. మొహమాటమైతే గంట లెక్కన అద్దెకిచ్చే విడి తొట్టి ఉందేమో ముందే కనుక్కోండి. బసలో ఇచ్చే నూలు అంగీ యుకతా కట్టేటప్పుడు ఎడమ అంచు పైకి రావాలి. కుడి అంచు పైకి వేసేది శవానికి.

టోక్యోలోని షింజుకు స్టేషన్ నుంచి రొమాన్స్‌కార్ రైల్లో, వేడినీటి బుగ్గల ఊరు హకోనె గంటన్నర లోపే. ఒక్క రాత్రి ర్యోకాన్, మిగతావి మామూలు హోటళ్లు పెట్టుకుంటే జేబుకు తేలిక. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు తతామితో పాటు మంచం కూడా ఉండే వయోషిత్సు గది అడగాలి. చక్రాల పెట్టెలు తతామి మీద లాగనివ్వరు. పెద్ద పెట్టెను తక్యుబిన్ అనే సామాన్ల కొరియర్‌లో తర్వాతి హోటల్‌కు పంపేసి, ఒక రాత్రికి సరిపడా చేతిసంచితో వెళ్లండి.