నాలుగు పక్కలా వందడుగులే, అయినా 44 గజాలు గల్లంతు: టేపు సర్వేతో జాగ్రత్త

స్థలం బేరంలో బయానా తీసుకున్నాక అమ్మేవాళ్లే ఓ ప్రైవేటు సర్వేయర్ని పట్టుకొస్తారు. నాలుగు పక్కలా టేపు లాగి, వంద, వంద, వంద, వంద అని చూపించి, 1,111 గజాలని కాగితం రాసిచ్చేస్తారు. అసలు సంగతి ప్రహరీకి తాడు కట్టిన రోజున గానీ బయటపడదు.

ఎదురెదురు పక్కల సగటు తీసి గుణించే లెక్క మూలమట్టానికి ఉన్న స్థలానికే చెల్లుతుంది. వంకర స్థలానికి అది ఎక్కువే చూపిస్తుంది, పొరపాటున కూడా తక్కువ చూపించదు. అందుకే అమ్మేవాళ్లకి అంత ఇష్టం. మీరు మూల నుంచి మూలకి టేపు పట్టించండి. రెండు వైపులా 141 అడుగుల 5 అంగుళాలు వస్తే ఇబ్బంది లేదు. ఒకటి 160, ఇంకోటి 120 వచ్చిందా, ఉన్నది 9,600 చదరపు అడుగులే, అంటే 1,066 గజాల చిల్లర. గజం 20 వేలనుకున్నా 8 లక్షల 80 వేల పైమాటే.

తర్వాత అడగాల్సింది, కొలత ఎక్కడ మొదలుపెట్టారని. గట్టు నుంచి అంటే ఒప్పుకోవద్దు, దున్నేకొద్దీ గట్టు జరుగుతుంది. సర్వే నంబరు కొలతలు రాసి ఉండే ప్రభుత్వ పటం, అంటే ఆంధ్రలో ఎఫ్‌ఎంబీ, తెలంగాణలో టిప్పన్, ముందు పెట్టుకుని, కనీసం రెండు మూడు సర్వే రాళ్లు వెతికి, వాటి మధ్య దూరం పటంతో కలిశాకే కొలత గొలుసు పడాలి. రోవర్ (ఉపగ్రహాల సాయంతో కొలిచే సర్వే పరికరం) తెచ్చాం కదా అంటారు. తప్పు రాయి దగ్గర మొదలుపెడితే రోవర్ కూడా తప్పు హద్దునే సెంటీమీటర్లతో సహా చూపిస్తుంది. ఫోన్ యాప్ సంగతి సరేసరి, ఆరుబయట కూడా మూడు నాలుగు మీటర్లు అటూ ఇటూ అవుతుంది.

పాత ఎఫ్‌ఎంబీలో 150 అని ఉంటే అవి అడుగులు కావు, లింకులు. 66 అడుగుల గొలుసుకి 100 లింకులు కాబట్టి అది 99 అడుగులు. టిప్పన్‌లో గొలుసు 33 అడుగులు, దానికి 16 భాగాలు, వాటినే అణాలంటారు. ఒకదాని లెక్కలో ఇంకోటి చదివారంటే హద్దు పక్కవాడి పొలంలో తేలుతుంది.

సబ్‌డివిజన్ కాని బిట్టు, అంటే సర్వే నంబరులోంచి విడిగా హద్దులు గీయని ముక్క అయితే ఇంకా కష్టం. పటంలో మొత్తం సర్వే నంబరుకే హద్దులుంటాయి, మీ పది గుంటలు ఏ మూలో అందులో ఉండదు.

మిగతా డబ్బు కట్టకముందే ప్రభుత్వ సర్వేకి దరఖాస్తు పెట్టించండి. చుట్టుపక్కల రైతులకి నోటీసు అందాలి, పంచనామాలో వాళ్ల సంతకాలుండాలి. అగ్రిమెంటులో మాత్రం ఈ ముక్క ముందే రాయించుకోండి: సర్వేలో తేలిన గజాలకే సొమ్ము.