అత్తయ్య, మామయ్యలతో ఆక్స్‌ఫర్డ్ దగ్గర నది ఒడ్డు పబ్‌లో ఆదివారం భోజనం

ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళని ఇంగ్లాండ్‌లో పబ్‌కి తీసుకెళ్ళొచ్చా అని మా ఫ్రెండ్స్‌లో చాలామందికి అనుమానం. నా మటుకు నేను తీసుకెళ్ళమనే చెప్తాను, కాకపోతే శనివారం రాత్రి సిటీ మధ్యలో ఉన్నదానికి కాదు, ఆదివారం మధ్యాహ్నం ఊరి బయట ఉన్నదానికి. ఆ టైమ్‌లో అక్కడ తాగి ఊగేవాళ్ళెవరూ కనిపించరు. తాతలు, మనవళ్ళు, చంటిపిల్లల ప్రామ్‌లు, టేబుళ్ళ కింద పడుకున్న కుక్కలు. మా అత్తయ్యకి అభ్యంతరం అంటూ ఉంటే ఆ కుక్కలతోనే.

మేం వెళ్ళింది వుల్వర్‌కోట్‌లో ఉన్న ట్రౌట్ ఇన్‌కి. ఆక్స్‌ఫర్డ్‌కి ఉత్తరం వైపు, గాడ్‌స్టో వంతెన పక్కనే, 17వ శతాబ్దపు రాతి భవనం. లోపల పైకప్పు దూలాలు, పొయ్యి గూళ్ళు, నడిస్తే చప్పుడు చేసే రాతి నేల. బయట థేమ్స్ నది గట్టు మీదే టేబుళ్ళు, ఎదురుగా వీర్ (నదికి అడ్డంగా కట్టిన చిన్న ఆనకట్ట) మీంచి దూకుతున్న నీళ్ళు. ఫొటోలన్నీ అక్కడే తీసుకుంటారు గానీ పెద్దవాళ్ళతో తినడానికి మాత్రం లోపల కిటికీ పక్క టేబుల్ అడగండి. గట్టు మీద గాలికి ప్లేట్‌లో అన్నీ ఐదు నిమిషాల్లో చల్లారిపోతాయి, నీళ్ళ హోరుకి వినికిడి తక్కువున్న మామయ్యకి ఒక్క ముక్క వినపడదు. తిన్నాక బయట కూర్చుని కాఫీ తాగితే సరి.

తిండి విషయం కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మనవాళ్ళకి అసలు టెన్షన్ అక్కడే. ఆదివారం ఏ పబ్‌లోనైనా రోస్టే పెద్ద భోజనం. బీఫ్, పోర్క్, లాంబ్, చికెన్‌లలో ఒకటి, దాంతో ఓవెన్‌లో కాల్చిన బంగాళాదుంపలు, ఉడికించిన కూరగాయలు, గ్రేవీ, యార్క్‌షైర్ పుడ్డింగ్. పేరులో పుడ్డింగ్ ఉన్నా అందులో తీపేమీ ఉండదు, మైదా, పాలు, గుడ్డు కలిపి పొంగించిన గిన్నెలాంటిది. మా అత్తయ్య గుడ్డు కూడా ముట్టరు. అలాంటివాళ్ళకి వెజిటేరియన్ అని అడిగితే సరిపోదు, వీగన్ (పాలు, గుడ్డు కూడా లేనిది) ఏముందని అడగాలి, అప్పుడు గుడ్డు గొడవ ఉండదు. దుంపలు దేంట్లో కాల్చారో కూడా అడగాలి, ఈ దేశంలో చాలాచోట్ల బీఫ్ కొవ్వులోనో బాతు కొవ్వులోనో కాలుస్తారు. గ్రేవీ కూడా అంతే, మాంసం రసంతో చేసింది వేరు, కూరగాయలతో చేసింది వేరు. ఛీజ్ విషయంలో పట్టింపు ఉన్నవాళ్ళు పార్మెజాన్ వేసిన వంటకాలు మానుకోండి, అది దూడ కడుపు నుంచి తీసే రెన్నెట్‌తోనే (పాలు విరిచే పదార్థం) చేస్తారు. ఇవన్నీ అడగడానికి మొహమాటపడక్కర్లేదు. 14 రకాల అలర్జీ పదార్థాల గురించి చెప్పి తీరాలని ఇక్కడ చట్టమే ఉంది, గుడ్డు, పాలు, గింజలు ఆ లిస్టులోవే. మాకు వడ్డించిన అమ్మాయి విసుక్కోకుండా కిచెన్‌లోకి వెళ్ళి కనుక్కొచ్చింది.

అత్తయ్య తిన్నది గింజలతో చేసిన రోస్ట్. బాగుందన్నారు, ఆ వెంటనే హ్యాండ్‌బ్యాగ్‌లోంచి మాగాయ సీసా తీశారు, నేను అటు చూడలేదు. మామయ్య చికెన్ తీసుకుని, పక్కనున్న హార్స్‌రాడిష్ సాస్‌ని పెరుగు అనుకుని చెంచాడు నోట్లో వేసుకున్నారు. అది పచ్చి ఆవపిండిలా నేరుగా ముక్కుకెక్కుతుంది. కళ్ళనీళ్ళు తుడుచుకుని "ఇదొక్కటీ బాగుందమ్మాయ్" అని ఇంకాస్త వేయించుకున్నారు. పిల్లలు పిజ్జా, చివర్లో అందరం ఖర్జూరాలతో చేసే స్టికీ టాఫీ పుడ్డింగ్ (అత్తయ్య తప్ప, గుడ్డు). పెద్దవాళ్ళకి తలా 20 పౌండ్ల పైనే అవుతుంది, చవక కాదు. నీళ్ళకి మాత్రం బాటిల్ కొనకండి, మందు అమ్మే లైసెన్స్ ఉన్న చోట అడిగితే కుళాయి నీళ్ళు ఉచితంగా ఇవ్వాలి.

తిన్నాక వంతెన దాటి అవతలకి వెళ్ళాం. అక్కడ 12వ శతాబ్దంలో కట్టిన సన్యాసినుల మఠం శిథిలాలున్నాయి. రెండో హెన్రీ రాజు ప్రియురాలు రోజమండ్‌ని అక్కడే పాతిపెట్టారట. ఎనిమిదో హెన్రీ మఠాలన్నీ మూయించినప్పుడు ఇదీ పోయింది. మిగిలింది గోడలే, పావుగంటలో అయిపోతుంది. మామయ్యకి నచ్చింది దాని పక్కనున్న గాడ్‌స్టో లాకు. ఆయన ధవళేశ్వరం మనిషి, చిన్నప్పటి నుంచి కాలవ లాకులు చూసినవాళ్ళు. పడవ లోపలికి రావడం, తలుపులు మూయడం, నీళ్ళు నింపడం మొత్తం నిలబడి చూసి, "కాటన్ దొర మనకి తెచ్చింది ఇదేనన్నమాట" అన్నారు. ఇంతా చేసి అక్కడ థేమ్స్ వెడల్పు చూసి నదంటే ఒప్పుకోలేదు, అది వేరే విషయం.

వయసులో ఉన్నవాళ్ళయితే ఆక్స్‌ఫర్డ్ నుంచి పోర్ట్ మెడో మీదుగా నది పక్కనే నడిచి రావచ్చు, గుర్రాలు, ఆవులు విచ్చలవిడిగా మేస్తుంటాయి. చలికాలంలో ఆ మైదానం సగం నీళ్ళలో ఉంటుంది, అప్పుడు వద్దు. అదే దారిలో బిన్సీలో పెర్చ్ అని గడ్డి కప్పు పబ్ ఉంది, దానికి పెద్ద తోట. చిన్నపిల్లలు పరిగెత్తాలంటే నేను దానికే ఓటేస్తాను, నది దగ్గర పిల్లల వెనక పడక్కర్లేదు. నీళ్ళ హంగామా కావాలంటే ట్రౌటే.

బస మాత్రం దండగ. రింగ్ రోడ్ పక్కన ఒక చవక హోటల్‌లో దిగాం. ఫ్యామిలీ రూమ్ అంటే ఒక మంచం, ఒక సోఫా. ఏసీ లేదు, కిటికీ నాలుగు వేళ్ళకి మించి తెరుచుకోదు, రాత్రంతా లారీల మోత. కారు నంబర్ రిసెప్షన్‌లో టాబ్లెట్‌లో కొట్టాలి, లేకపోతే ఇంటికి ఫైన్ వస్తుందని చెప్పేవాళ్ళు కూడా లేరు, గోడ మీద చిన్న బోర్డు తప్ప. లండన్ వైపు నుంచి వచ్చేవాళ్ళు రాత్రి ఉండకుండా పొద్దున బయల్దేరి సాయంత్రానికి ఇల్లు చేరడమే మేలు. ఆదివారం టేబుల్ మాత్రం ముందే బుక్ చేసుకోండి, ఎండ కాస్తే ఆ రోజుకి ఖాళీ దొరకదు.