ఇంటి వస్తువుల లెక్కకు హోమ్‌బాక్స్: చాలాకాలం వాడాక

ఏ వస్తువు ఎక్కడుంది, ఎంతకు కొన్నాం, వారంటీ ఎప్పటిదాకా ఉంది? ఈ మూడూ తెలిస్తే చాలనుకునే ఇంటికి నా ఓటు హోమ్‌బాక్స్‌కే; ఇది మన ఇంట్లోని కంప్యూటర్‌నే సర్వర్‌గా చేసి నడుపుకునే సాఫ్ట్‌వేర్. పప్పులు, నూనెలు, వాటి గడువు తేదీలు చూసుకోవాలంటే గ్రోసీ అనే ఇలాంటి సాఫ్ట్‌వేరే మేలు. ఇంకొకటి స్నైప్-ఐటీ, అది ఆఫీసుల కోసం పుట్టింది. దానికి మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ విడిగా నడపాలి, ఇంటికి అంత బరువు అనవసరం.

హోమ్‌బాక్స్‌లో వస్తువుల వివరాలన్నీ మామూలుగా ఒక్క ఎస్‌క్యూలైట్ డేటాబేస్ ఫైల్లో ఉంటాయి. రాస్ప్‌బెర్రీ పై లాంటి అరచేతి కంప్యూటర్ మీద కూడా హాయిగా నడుస్తుంది. డాకర్‌లో (సాఫ్ట్‌వేర్‌ను కంటెయినర్ అనే విడి డబ్బాలో నడిపే పద్ధతి) పెట్టేటప్పుడు ఒకటి చూసుకోండి: మొదటి ప్రాజెక్టు 2024లో ఆర్కైవ్ అయిపోయింది, అంటే దాని పని ఆగిపోయింది; ఇప్పుడు నడుస్తున్నది అదే కోడ్‌తో సిస్అడ్మిన్స్ మీడియా వాళ్లు వేరుగా కొనసాగిస్తున్న ఫోర్క్. పాత గైడ్లు పాత ఇమేజ్ (డాకర్ దించుకునే ప్యాకేజీ) పేరే చెబుతాయి. కంటెయినర్ లోపలి పోర్టు 7745. లోపలి డేటా ఫోల్డరును మీ డిస్కు మీది ఫోల్డరుకు తప్పకుండా మ్యాప్ చేయాలి. లేదంటే కంటెయినర్ మార్చిన రోజున ఖాళీ పేజీ ఎదురవుతుంది.

అసలు పని వస్తువులకు అతికించి ఫోన్‌తో స్కాన్ చేసే క్యూఆర్ లేబుళ్ల దగ్గరుంది. ప్రతి క్యూఆర్‌లోనూ మీ సర్వర్ అడ్రసు ఉంటుంది. 192.168తో మొదలయ్యే ఐపీతో (ఇంటి నెట్‌వర్క్‌లోని అడ్రసు) లేబుళ్లు అచ్చేసి అతికించాక రూటరు మారిందంటే ఐపీ మారొచ్చు, అప్పుడు లేబుళ్లన్నీ దండగ. అందుకే ముందు ఒక స్థిరమైన పేరు, దానికి హెచ్‌టీటీపీఎస్ (భద్రమైన కనెక్షన్) ఏర్పాటు చేసుకుని, ఆ తర్వాతే ప్రింటు తీయండి. హెచ్‌టీటీపీఎస్ లేకపోతే ఫోన్ బ్రౌజరు కెమెరా తెరవనివ్వదు, యాప్‌లోని స్కానరు పనిచేయదు. ఇంకో చిక్కు: లేబుల్ పేజీలో ముందే ఉండే కొలతలు అమెరికా లెటర్ కాగితానివి. మన ఏ4 స్టిక్కర్ షీటుకు 8.27, 11.69 అంగుళాలు ఇచ్చి, లేబుల్ కొలత కూడా మార్చి, ముందు మామూలు కాగితం మీద తీసి షీటు వెనక పెట్టి వెలుతురులో చూడండి. వరస తప్పితే అక్కడే తెలుస్తుంది.

వారంటీకి ఒక్క తేదీ గడే ఉంది. ఇన్వర్టర్ బ్యాటరీకి మొదటి 36 నెలలు ఉచితంగా మార్చి, ఆపైన కొంతకాలం ధరలో తగ్గింపు ఇచ్చే రకం వారంటీ ఉందనుకోండి, ఆ గడిలో ఉచిత గడువు రాసి, రెండోది కస్టమ్ ఫీల్డులో పెట్టాలి. పైగా వారంటీ ముగుస్తోందని హోమ్‌బాక్స్ కబురు పంపదు. కబురు వచ్చేది ఆ రోజుకు షెడ్యూల్ చేసిన మెయింటెనెన్స్ పనులకే. కాబట్టి గడువుకు నెల ముందు తేదీతో "వారంటీ చూడు" అని ఒక మెయింటెనెన్స్ ఎంట్రీ వేసుకోండి. కబురు టెలిగ్రామ్ యాప్‌కు వచ్చేలా పెట్టుకోవచ్చు; అది పొద్దున 8కి రావాలి గానీ, కంటెయినర్ గడియారం యూటీసీలో (అంతర్జాతీయ ప్రామాణిక సమయం) ఉంటే మనకు మధ్యాహ్నం ఒకటిన్నర దాటాకే వస్తుంది. బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్, వాటర్ ప్యూరిఫయర్ ఫిల్టరు లాంటివి తిరిగి తిరిగి వచ్చే పనులు. నేను వాడే వెర్షన్‌లో అవి వాటంతట అవి మళ్లీ పడవు, ఒకటి పూర్తికాగానే తర్వాతిది వేసుకోవాలి. ఇది నిజంగా పెద్ద లోటు.

తెలుగులో పేర్లు రాస్తే వెతుకులాట బాగానే జరుగుతుంది, కానీ అక్షరం మారితే దొరకదు. "ఫ్రిజ్" అని వెతికితే "ఫ్రిడ్జ్" రాదు, అందుకని రెండో రూపాన్ని వివరణలో రాసి పెట్టండి. వస్తువుల జాబితాను సీఎస్‌వీతో (పట్టికను మామూలు అక్షరాల్లో ఉంచే ఫైలు) ఎక్కించేవాళ్లు ఎక్సెల్‌లో యూటీఎఫ్-8గా సేవ్ చేయకపోతే తెలుగంతా ప్రశ్నార్థకాలైపోతుంది. ఆ ఫైల్లో ఇంపోర్ట్ రెఫ్ గడి (ప్రతి వస్తువుకూ ఇచ్చే విడి గుర్తు) నింపకపోతే రెండోసారి ఎక్కించినప్పుడు ప్రతి వస్తువూ రెండవుతుంది.

బిల్లు కొన్నరోజే ఫొటో తీసి జత చేయండి, థర్మల్ కాగితం మీది అక్షరాలు వెలిసిపోతాయి. అప్‌లోడ్ హద్దు మామూలుగా 10 ఎంబీ, పెద్ద మాన్యువల్ పీడీఎఫ్‌లు ఎక్కించాలంటే పెంచుకోవాలి. సీఎస్‌వీ ఎగుమతిలో ఈ ఫొటోలు రావు కాబట్టి అది బ్యాకప్ కిందకు రాదు. కంటెయినర్‌ను ఆపి డేటా ఫోల్డరు మొత్తం కాపీ చేయాలి. నడుస్తుండగా డేటాబేస్ ఫైలొక్కటే తీస్తే, పక్కనున్న వాల్ ఫైల్లోని (కొత్త మార్పులు ముందు చేరే చోటు) తాజా మార్పులు కాపీలోకి రాకపోవచ్చు.