‘అన్నీ కలిపి’లో ఏం కలుస్తాయి, ఏం కలవవు: హన్మకొండ నుంచి విదేశాలకు పోయే కుటుంబాల కోసం

“అన్నీ ఇందులోనే సార్, అక్కడికి పోయాక మీరు పైసా తీయక్కర్లేదు.” విదేశీ ప్యాకేజీ అమ్మే ప్రతి బల్ల దగ్గరా వినిపించే మాట ఇది. చిక్కంతా ‘అన్నీ’ దగ్గరే ఉంది. ఏజెంటు లెక్కలో అన్నీ అంటే విమానం టికెట్, వీసా, హోటల్ గది, పొద్దున టిఫిన్, బస్సులో ఊరు చూపించడం. రిసార్టు లెక్కలో అన్నీ అంటే మణికట్టుకు పట్టీ కట్టి, ఆవరణ లోపల తిన్నంత తిండి, తాగినంత మందు ఇవ్వడం. మొదటిదాంట్లో మధ్యాహ్నం భోజనం ఉండదు, రెండోదాంట్లో విమానం టికెట్ ఉండదు. మన కుటుంబాలు రెండూ ఒకటే అనుకుని అడ్వాన్సు కట్టేస్తాయి, గొడవ అక్కడికి చేరాక మొదలవుతుంది.

రిసార్టు వాళ్ల ఈ పద్ధతికి ఆద్యులుగా చెప్పే క్లబ్ మెడ్ కంపెనీ వాళ్లు 1950లో స్పెయిన్ వారి మయోర్కా దీవిలో గుడారాలు వేసి మొదలుపెట్టారు. సెలవుల్లో మనిషి పర్సు తీయకూడదన్నది వాళ్ల ఆలోచన. అయినా బార్‌లో తాగినదానికి లెక్క తప్పలేదు, డబ్బుకు బదులు పూసలు ఇప్పించుకునేవాళ్లు. ఇప్పుడు పూసలు పోయి, ప్యాకేజీలో కలవనివాటికి రిసార్టుల్లో గది నంబరు మీద బిల్లు రాస్తున్నారు, అంతే తేడా.

కొటేషన్ చేతికి రాగానే మొత్తం కాదు, హోటల్ పేరు పక్కనున్న పొట్టి అక్షరాలు చూడండి. సీపీ అంటే గది, టిఫిన్. ఎంఏపీ అంటే టిఫిన్‌తో పాటు ఒక పూట భోజనం, మామూలుగా రాత్రిది. ఏపీ అంటే మూడు పూటలు. ఏఐ, అంటే ఆల్ ఇంక్లూజివ్, అదే అసలైన ‘అన్నీ’. థాయ్‌లాండ్, సింగపూర్, దుబాయ్‌లకు మన దగ్గర అమ్మే ప్యాకేజీల్లో ఎక్కువ భాగం సీపీయే. రాత్రికి ఇండియన్ హోటల్‌లో భోజనం కలిపి ‘ఆల్ ఇంక్లూజివ్’ అని అట్ట మీద అచ్చేస్తారు.

మరి అసలైన ఏఐ ఎక్కడ గిట్టుబాటు? నిక్కచ్చిగా చెప్పాలంటే, బయట కొనుక్కునే దిక్కు లేని చోట. అంటే మాల్దీవులు. అక్కడ ఒక దీవికి ఒకే రిసార్టు. చుట్టూ నీళ్లే, కిరాణా దుకాణం ఉండదు, ఆటో ఎక్కి పోయి ఇడ్లీ తినే వీలుండదు. మూడు పూటలూ రిసార్టు వాడు చెప్పిన ధరే. అందుకే అక్కడ ఏ భోజనం ప్లాన్ తీసుకున్నామన్నదే సెలవుల మొత్తం ఖర్చును తేలుస్తుంది.

ఏపీ, అంటే ఫుల్ బోర్డ్, తీసుకున్నవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది నీళ్ల దగ్గర. చాలా రిసార్టుల్లో ఫుల్ బోర్డ్‌లో తాగేవి ఏవీ కలవవు. బల్ల మీద పెట్టిన నీళ్ల సీసాకూ బిల్లే, పిల్లవాడు అడిగిన మామిడిపండు రసానికీ బిల్లే. మెనూ మీది ధర చివరి ధర కూడా కాదు. 100 డాలర్లు అని రాసి ఉంటే దాని మీద సర్వీస్ చార్జీ 10 శాతం, అప్పుడైన 110 మీద టూరిజం జీఎస్టీ 17 శాతం. చేతికొచ్చే బిల్లు 128 డాలర్ల 70 సెంట్లు. ఈ 17 శాతం 2025 జూలై నుంచి, అంతకుముందు 16. దీనికి తోడు గ్రీన్ టాక్స్: రిసార్టులో మనిషికి రోజుకు 12 డాలర్లు, రెండేళ్లు నిండిన పిల్లలకు కూడా. నలుగురు నాలుగు రాత్రులుంటే 192 డాలర్లు. కొందరు ఏజెంట్లు దీన్ని ప్యాకేజీలో కలుపుతారు, కొందరు ‘హోటల్‌లో నేరుగా’ అని చివరి పేజీలో చిన్న అక్షరాల్లో వేస్తారు.

మాలె విమానాశ్రయం నుంచి దీవికి చేర్చే పడవ ఇంకో సంగతి. దగ్గరి దీవులకు స్పీడ్‌బోటు, దూరం దీవులకు నీళ్ల మీద దిగే చిన్న విమానం, సీప్లేన్. సీప్లేన్ రానుపోను మనిషికి వందల డాలర్లు, గది ధరలో ఉండదు. పైగా అది వెలుతురున్నప్పుడే ఎగురుతుంది. మధ్యాహ్నం మూడున్నర దాటాక దిగేవాళ్లకు ఆ రోజు దొరకడం అనుమానమే, విమానాశ్రయం పక్కనున్న హుల్హుమాలెలో ఒక రాత్రి సొంత ఖర్చుతో పడుకోవాలి. దీవిలో ఆ రాత్రి గది అద్దె మాత్రం వృథా. కాబట్టి ముందు విమానం దిగే గంట చూసి, తర్వాతే దీవిని ఎంచుకోవాలి. మన వాళ్లు ముందు నీళ్ల మీది గది ఫొటో చూసి మురుస్తారు. సీప్లేన్‌లో సామాను 20 కిలోలు, చేతిసంచి 5 కిలోలు, మించితే కిలోకింత అని కట్టాలి. చెకౌట్ మామూలుగా పన్నెండుకు. పట్టీ కూడా అప్పుడే చెల్లిపోతుంది. పడవ సాయంత్రం నాలుగింటికైతే ఆ పూట భోజనం డబ్బిచ్చి తినాల్సిందే.

మందు ముట్టని ఇంట్లో ఏఐ తీసుకోవడం నాకు నచ్చని పని. ఆ ధరలో బార్ ఖర్చు కలిసే ఉంటుంది. పైగా గదిలో ఒక్కరికి ఏఐ, మిగతావాళ్లకు మామూలు ప్లాన్ అంటే ఒప్పుకోరు. ఒక గదిలో ఉన్న పెద్దలందరికీ, అన్ని రాత్రులకూ ఒకే ప్లాన్. నాన్న ఒక్కడు తాగుతాడని తాతకూ నాయనమ్మకూ కూడా కట్టాల్సి వస్తుంది. అలాంటి ఇంటికి హాఫ్ బోర్డ్, అంటే ఎంఏపీ, చాలు: పొద్దున తొమ్మిదిన్నరకు గట్టిగా తిని, మధ్యాహ్నం ఇంటి నుంచి తెచ్చిన సకినాలు, సర్వపిండితో సరిపెట్టి, రాత్రి బఫే. ఇంకా తక్కువలో కావాలంటే మాఫుషి లాంటి ఊరున్న దీవుల్లో గెస్ట్‌హౌస్‌లు ఉన్నాయి. 50 గదుల లోపు వాటికి గ్రీన్ టాక్స్ 6 డాలర్లే, పక్కనే దుకాణాలు, చిన్న హోటళ్లు. మందు దొరకదు, కేటాయించిన బీచ్‌లో తప్ప ఈత దుస్తులు కుదరవు. మన కుటుంబాల్లో చాలామందికి అది లోటేమీ కాదు.

అదే థాయ్‌లాండ్‌లో ఏఐ తీసుకోవడం తెలివితక్కువ. గేటు దాటితే నూడుల్స్ బండి, పండ్లబండి, ఇండియన్ హోటల్ అన్నీ ఉంటాయి. డబ్బు కట్టేశాం కదా అని రోజంతా రిసార్టులోనే తినడం, లేదా బయట తిని రెండుసార్లు కట్టుకోవడం, ఈ రెండే దారులు. పటాయా, బ్యాంకాక్ ఏజెంటు ప్యాకేజీల్లో చూడాల్సింది వేరే: బస్సు అందరితో కలిసిందా, మీకే విడిగానా? కలిసిన బస్సులో పది హోటళ్ల దగ్గర ఆగి మనుషులను ఎక్కించుకునేసరికి పొద్దున గంటన్నర పోతుంది. దారిలో రత్నాల దుకాణం కూడా ‘దర్శనీయ స్థలం’ కింద వస్తుంది. కొనకపోయినా గంట కూర్చోబెడతారు. కోరల్ ఐలాండ్‌కు పడవ ప్యాకేజీలోదే, అక్కడ పారాసెయిలింగ్, బనానా బోటు మాత్రం చేతి డబ్బు. సెలవుల్లో పిల్లలు అలిగేది సరిగ్గా ఇక్కడే, కనుక మనిషికింత అని ముందే తీసి పెట్టుకోండి.

దుబాయ్‌లో హోటల్ కౌంటరు దగ్గర టూరిజం దిర్హామ్ అని గదికి రాత్రికి 7 నుంచి 20 దిర్హాములు అడుగుతారు. అది మోసం కాదు, అక్కడి ప్రభుత్వ రుసుమే. అయితే ఏజెంటు ముందే చెప్పాలి. జగిత్యాల, నిజామాబాద్ వైపు చుట్టాలెవరో ఒకరు షార్జాలోనో అజ్మాన్‌లోనో ఉంటారు. మూడు సాయంత్రాలు వాళ్లింట్లోనే అన్నం. అలాంటప్పుడు భోజనాల ప్యాకేజీ ఎందుకు? ఇంకో ముఖ్యమైన మాట: మన పెద్దల పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండటం మామూలే. 2022 నవంబరు నుంచి ఒకే పేరున్న పాస్‌పోర్టుతో యూఏఈ విజిట్ వీసాలకు ఇబ్బంది ఉంది. ప్యాకేజీ కట్టాక కాదు, ముందే తీసి చూసుకోండి. పిల్లల పాస్‌పోర్టు అయిదేళ్లే చెల్లుతుంది, ప్రయాణానికి ఆరు నెలల గడువు మిగలాలి కాబట్టి వాడకానికి పనికొచ్చేది నాలుగున్నరేళ్లు.

పిల్లల వయసు దగ్గర లెక్కలు వేరువేరుగా ఉంటాయి. విమానానికి రెండేళ్ల లోపు ఒళ్లో బిడ్డ. తిరుగు ప్రయాణం నాటికి రెండు నిండితే అటునుంచి సీటు కొనాలి. రిసార్టుల్లో చాలా చోట్ల 12 నిండితే పెద్దల ధర. నలుగురికి సరిపోయే గదిలో నాయనమ్మను అయిదో మనిషిగా ఇరికించలేరు, రెండో గది తప్పదు. ‘ఎక్స్‌ట్రా బెడ్’ అంటే మంచమా, పరుపా అని అడిగి రాయించుకోండి. మోకాళ్ల నొప్పులున్న మనిషి నేల మీది పరుపు మీద నాలుగు రాత్రులు పడుకుంటే ఇల్లంతా మూతి ముడుచుకుంటుంది.

శాకాహారులకు బఫే పేరు పెద్దది, పళ్లెం చిన్నది. థాయ్ వంటల్లో కూరగాయల కూరలోనూ చేపల సాసు పడుతుంది. ‘జే’ అని అడిగితే మాంసం, చేప, గుడ్డు, ఉల్లి, వెల్లుల్లి ఏవీ లేకుండా ఇస్తారు. పచ్చడి పెద్ద పెట్టెలో పెట్టాలి, చేతిసంచిలో పెడితే షంషాబాద్ తనిఖీలోనే పోతుంది. ఎండు కుడుకలు దేంట్లోనూ వద్దు, త్వరగా అంటుకునే సరుకని విమానాల్లో ఒప్పుకోరు. గసగసాలు యూఏఈ, సింగపూర్‌లలో నిషేధం. మసాలా పొట్లంలో చిటికెడు కూడా వద్దు. మాల్దీవులకు పూజ విగ్రహాలు, మద్యం సీసాలు తీసుకుపోకూడదు.

ఇక ఏఐలో మెచ్చుకోవాల్సింది ఒకటుంది, అది తిండి కాదు. పిల్లల క్లబ్. మామూలుగా నాలుగేళ్ల నుంచి పన్నెండేళ్ల వాళ్లను పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆడిస్తారు, అదనంగా అడగరు. ఏడాదంతా టిఫిన్ డబ్బాలు సర్దే తల్లి ఈ రోజు ఏం వండాలన్న ఆలోచన లేకుండా కుర్చీలో వాలేది ఇక్కడే. నాలుగు లోపు పిల్లలుంటే పక్కన ఒకరు కూర్చోవాలి, అప్పుడు ఈ లాభమూ పోతుంది.

మన సెలవులకూ అక్కడి వానలకూ పొత్తు కుదరదు. మే నుంచి అక్టోబరు దాకా ఫుకెట్‌లో, మాల్దీవుల్లో గాలివానలు. బీచ్‌లో ఎర్రజెండా ఎగిరితే సముద్రంలో దిగనివ్వరు. ఎండాకాలం సెలవులకు బాలి మేలు, అక్కడ అప్పుడు పొడి కాలం. దసరా సెలవుల్లో ధర బాగా తగ్గిందని ఫుకెట్ కొంటే, ఆ తగ్గింపు ఎందుకో అక్కడ వాన చెబుతుంది.

పన్నుల సంగతి. ప్యాకేజీ మీద జీఎస్టీ 5 శాతం. దాని పైన టీసీఎస్, అంటే ఏజెంటు మన దగ్గర ముందే వసూలు చేసి కట్టే ఆదాయపు పన్ను: 2025 ఏప్రిల్ నుంచి పది లక్షల దాకా 5, ఆపైన 20 శాతంగా ఉన్నదాన్ని 2026 బడ్జెట్‌లో 2 శాతానికి దించారు. నాలుగు లక్షల ప్యాకేజీకి ఎనిమిది వేల పైచిలుకు. ఇది పోయే డబ్బు కాదు, పాన్ మీది పన్ను ఖాతాలో కనిపిస్తుంది, ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుకోవచ్చు. అందుకే రిటర్ను వేసేవారి పాన్ మీదే బిల్లు రాయించండి. థాయ్‌లాండ్ డిజిటల్ రాక కార్డు, మలేషియా కార్డు, సింగపూర్ కార్డు మూడూ ఉచితం, ప్రయాణానికి మూడు రోజుల లోపల నింపేవి. వీటికి ‘ప్రాసెసింగ్’ పేరుతో మనిషికి వెయ్యి అడిగితే ఇవ్వకండి.

ఏ ప్యాకేజీ అయినా షంషాబాద్‌లోనే మొదలవుతుంది. వరంగల్ దగ్గరి మామునూరు విమానాశ్రయం సిద్ధమయ్యే దాకా హన్మకొండ నుంచి ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ ఎక్కి సుమారు 170 కిలోమీటర్లు, మూడున్నర గంటలు పెట్టుకోండి. కరీంనగర్ నుంచి రాజీవ్ రహదారి మీద వచ్చి శామీర్‌పేట దగ్గర ఔటర్ ఎక్కుతారు. విదేశీ విమానాలు ఎక్కువగా అర్ధరాత్రివి, చాలామంది తేదీ దగ్గరే బోల్తా పడతారు. టికెట్ మీద 12వ తేదీ 00:45 అని ఉంటే ఇంటి నుంచి బయలుదేరాల్సింది 11 సాయంత్రం అయిదింటికి, 12న కాదు. తిరుగు విమానం రాత్రి పదకొండుకు దిగేదైతే కారు మనిషికి వెయిటింగ్‌తో కలిపి బేరం ముందే తేల్చుకోండి. పెట్టెలు చేతికొచ్చేసరికి పన్నెండున్నర, జనగామ దాటేసరికి మూడు.