ఎల్కియేర్ పదో నంబరు జెర్సీ: అనంతపురంలో సబ్లిమేషన్ ప్రింటింగ్ ఎలా ఉంది?

అనంతపురంలో ఫుట్‌బాల్ జెర్సీలు కుట్టించుకునే జట్లు ఎక్కువగా అడిగేవి బార్సిలోనా, రియల్ మాడ్రిడ్, అర్జెంటీనా. ఇక్కడి స్వచ్ఛంద సంస్థ ఆర్డీటీని (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) స్థాపించిన విన్సెంట్ ఫెర్రర్ స్పెయిన్ మనిషి. ఇక్కడి ఆటకు ఆ గాలి ముందునుంచీ ఉంది. అదే స్పెయిన్ చేతిలో రెండుసార్లు గుండెకోత పడ్డ జట్టు డెన్మార్క్. దాని 1986 నాటి జెర్సీని, అందులోనూ స్ట్రైకర్ ప్రెబెన్ ఎల్కియేర్ వేసుకున్న పదో నంబరును, ఊరి నడిబొడ్డున ఉన్న ఒక సబ్లిమేషన్ (వేడితో రంగును బట్టలోకి దించే ప్రింటింగ్) షాపు ఎంతవరకు సరిగ్గా చేసిస్తుందన్నది ఈ రివ్యూ. మాట ముందే చెప్పేస్తే: బట్ట బాగుంది, ఎరుపు బాగుంది, కుట్టు ఫర్వాలేదు, వెనకవైపు అక్షరాల దగ్గర మాత్రం డిజైనర్ పక్కన కూర్చుని చూసుకోవాలి.

ఒక షాపు పనితనం తెలియాలంటే ఇంతకంటే కష్టమైన డిజైన్ అక్కర్లేదు. జెర్సీ నిలువునా రెండు భాగాలు: ఒక సగం నిండు ఎరుపు, రెండో సగం సన్నని ఎరుపు-తెలుపు గీతలు. చేతులు దీనికి తిరగేసినట్టు ఉంటాయి. చేసింది హమ్మెల్ కంపెనీ. భుజాల మీది బాణం మొనల గుర్తు, ఛాతీ మీది లోగో వాళ్లవి కాబట్టి అవి వేయించకండి. ఆ సగాలూ గీతలూ చాలు, తెలిసినవాడు దూరం నుంచే గుర్తుపడతాడు.

సబ్లిమేషన్‌లో తెల్ల ఇంకు ఉండదు. కాగితం మీది రంగు 200 డిగ్రీల దగ్గర ఆవిరై పాలిస్టర్ పోగులోకి దిగుతుంది. డిజైన్‌లో తెలుపు ఉన్నచోట బట్ట తెలుపే మిగులుతుంది. అందుకే తెల్ల పాలిస్టరే కావాలి, కాటన్ కలిసిన బట్ట మీద రంగు నిలవదు. ఈ షాపులో రెండు బట్టలు చూపిస్తారు. 140 జీఎస్ఎంది (చదరపు మీటరుకు అన్ని గ్రాముల బరువు) గాలి బాగా ఆడుతుంది, కానీ చెమట పట్టగానే గీతల సగంలోంచి ఒళ్ళు కనబడుతుంది. 160 జీఎస్ఎం ఇంటర్‌లాక్ (దట్టమైన అల్లిక బట్ట) తీసుకోండి. ఊళ్లోని పీటీసీ గ్రౌండ్‌లో మధ్యాహ్నం ఎండకు కాస్త బరువనిపించినా ఈ డిజైన్‌కు అదే నప్పుతుంది.

గీతల వెడల్పు మీద షాపువాళ్లకు పట్టింపు లేదు, మీకే ఉండాలి. 3 మిల్లీమీటర్ల కంటే సన్నగా పెడితే గ్రౌండ్ అవతలి నుంచి ఆ సగం గులాబీ రంగులా కనబడుతుంది. ఇంకో చిక్కు సైజులతో వస్తుంది. 38కి చేసిన ఫైలునే సాగదీసి 44కి వాడతారు. దాంతో గీత కూడా లావెక్కుతుంది, టీమ్ ఫోటోలో పక్కపక్కన నిలబడితే తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. ప్రతి సైజుకూ గీత వెడల్పు ఒకటే ఉంచి, గీతల సంఖ్య పెంచమనండి. కోరల్‌డ్రా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో పది నిమిషాల పని, అడిగితే చేస్తారు. నెట్‌లో దొరికిన ఫోటో నుంచి గీతలు కత్తిరించి అతికించనివ్వొద్దు, కొత్తగా గీయించండి. నమూనా ఫోటోను వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపండి, మామూలుగా పంపితే కుదించుకుపోయి అంచులు పళ్ళుపళ్ళుగా వస్తాయి.

ఎరుపు విషయంలో షాపుకు పూర్తి మార్కులు. ప్రెస్ వేడి చాలకపోతే ఎరుపు నారింజలోకి జారుతుంది, ఎక్కువసేపు ఉంచితే ఇటుక రంగులోకి తిరుగుతుంది. ఇక్కడ అరచేయంత ముక్క మీద ముందు కొట్టి చూపిస్తారు. ఆ ముక్కను వదలకండి. తడిపిన తెల్ల రుమాలుతో గట్టిగా రుద్దండి. రుమాలుకు రంగు అంటితే ఇంకు పూర్తిగా దిగలేదని అర్థం, మొదటి ఉతుకులోనే తెల్ల గీతలు మురికి పడతాయి. ఇక్కడి ముక్క ఆ పరీక్ష నిలబడింది.

కుట్టు దగ్గర ఒకటే లోపం. ముందు భాగంలో రెండు సగాలు కలిసే గీత సరిగ్గా మెడ నడిమధ్యకు రావాలి. కొన్ని జెర్సీల్లో అది అర సెంటీమీటరు పక్కకు పోయింది. ప్రెస్ వేడికి బట్ట కాస్త ముడుచుకుంటుంది, ముందే కత్తిరించిన ముక్క మీద ప్రింటు కొడితే ఈ తేడా వస్తుంది. ప్రింటు కొట్టాక కత్తిరించమని ఆర్డర్ స్లిప్ మీద రాయించండి. పక్క కుట్ల దగ్గర గీతలు కలవవు, దాన్ని తప్పుపట్టలేం.

ఇక వెనకవైపు. 1986 ప్రపంచకప్‌లో జెర్సీల మీద ఆటగాళ్ల పేర్లు లేవు, నంబరు ఒక్కటే. అసలు దానిలా ఉండాలంటే 10 మాత్రమే వేయించండి. పేరు కావాలనుకుంటే ఇంగ్లిష్‌లో ఇబ్బంది ఉంది: ఆయన పేరులో ఏ, ఈ కలిసిన డేనిష్ అక్షరం ఉంటుంది, షాపులోని స్పోర్ట్స్ ఫాంట్లలో అది లేక ఖాళీ డబ్బా పడుతుంది. తెలుగులో వేస్తే యూనికోడ్ అక్షరాలు పాత సాఫ్ట్‌వేర్‌లో విడిపోయి వత్తులు పక్కకు పడతాయి. అను అనే పాత తరహా తెలుగు ఫాంట్‌లో టైప్ చేయించి, అక్షరాలను కర్వులుగా (గీసిన బొమ్మల్లా) మార్పించి, ప్రింటుకు ముందు ఒక్కో అక్షరం చదవండి.

ఆ నంబరుకు అంత జాగ్రత్త ఎందుకంటే, దాని వెనక ఉన్న ఆట అలాంటిది. జర్మనీ క్లబ్ కొలోన్‌లో కుదురుకోలేక ఎల్కియేర్ 1978లో బెల్జియం క్లబ్ లోకెరెన్‌కు వెళ్లి ఆరేళ్లు ఆడాడు. 1984 యూరో (యూరప్ దేశాల కప్) సెమీఫైనల్లో స్పెయిన్ మీద పెనాల్టీ షూటౌట్‌లో ఆయన కొట్టిన బంతి గోల్ పైనుంచి పోయింది, డెన్మార్క్ ఇంటికెళ్లింది. రెండేళ్లకు మెక్సికో ప్రపంచకప్‌లో స్కాట్లాండ్ మీద ఏకైక గోల్ ఆయనదే, ఉరుగ్వేను 6-1తో ఓడించిన మ్యాచ్‌లో మూడు. మళ్లీ స్పెయినే అడ్డొచ్చి 5-1తో ముగించింది. దేశం తరఫున 69 మ్యాచ్‌ల్లో 38 గోల్స్.

క్లబ్ జెర్సీ కావాలంటే నంబరు మారుతుంది: ఇటలీ క్లబ్ వెరోనాలో ఆయనది 11. ముదురు నీలం మీద పసుపు. 1984 అక్టోబర్ 14న యువెంటస్ మీద ఎడమ పక్కనుంచి దూసుకెళ్తుంటే అవతలి డిఫెండర్ పియోలి ట్యాకిల్‌కు కుడి బూటు ఊడిపోయింది. ఆగలేదు, లోపలికి తిరిగి మేజోడుతోనే గోల్ కొట్టాడు. ఆ సీజన్‌లోనే వెరోనా ఇటలీ లీగ్ గెలిచింది, ఇప్పటికీ దానికి అదొక్కటే టైటిల్. యూరప్ ఉత్తమ ఆటగాడికిచ్చే బాలన్ డోర్‌లో 1985లో ఫ్రాన్స్ ఆటగాడు ప్లాటినీ తర్వాత స్థానం ఈయనదే.

ఈ వెరోనా రంగుల్ని షాపువాళ్లు రెడీమేడ్ తెల్ల జెర్సీ మీద ఒక్క పీసైనా కొట్టిస్తామంటారు. ఒప్పుకోవద్దు. కుట్టేసిన జెర్సీని ప్రెస్ కింద పెడితే చంకల దగ్గర మడతల్లోకి రంగు వెళ్లదు, ముదురు నీలంలో తెల్ల చారలు మిగిలిపోతాయి. ముక్కలుగా కొట్టి కుట్టిస్తేనే తీసుకోండి. అలాంటి ఆర్డర్‌కు ఇక్కడ కనీసం పది పీసులు కావాలి, పొట్టి చేతులది ఒక్కోటి 350 రూపాయలు, నిక్కరుతో కలిపి 550. వారం అంటారు కానీ సంక్రాంతి, వేసవి సెలవుల టోర్నమెంట్ల ముందు క్రికెట్ జట్ల ఆర్డర్లు వచ్చిపడతాయి, అప్పుడు రెండు వారాలు చేతిలో పెట్టుకుని వెళ్లండి. ఇంటికి తెచ్చాక బోరు నీళ్లలో నానబెట్టి వదిలేయకండి, ఉప్పు మరకలు ఎరుపు సగం మీద తెల్లగా తేలతాయి. తిరగేసి చల్లనీళ్లలో ఉతికి, నీడన ఆరేస్తే చాలు, ఇస్త్రీ అక్కర్లేదు.